ట్రయల్‌కి వెళ్లేవాడి చేతిలో కాగితం ఎవరైనా చదివారా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ పేపర్లో మందుల ప్రయోగాలకు వెళ్తున్న కుర్రాళ్ల మీద ఒక కథనం వచ్చింది. కష్టపడి రాశారు, కాదనను. కానీ హెడ్డింగ్‌లో మళ్లీ అదే మాట, 'గినీ పిగ్స్', ల్యాబుల్లో ప్రయోగాలకు వాడే ఎలుకలాంటి జంతువుల పేరు. 2011లో పిడుగురాళ్ల నుంచి పేద మహిళలను హైదరాబాద్ తీసుకొచ్చి మందులు మింగించారన్న గొడవ బయటపడి ఆ ప్రయోగాలు చేసిన సంస్థ పర్మిషన్ ఆపేసినప్పుడూ పేపర్లలో ఇదే మాట, 2017లో జమ్మికుంట వైపు కుర్రాళ్లు ఇలాంటి ప్రయోగాలకు వెళ్లిన సంగతి తెలిసినప్పుడూ ఇదే మాట. పందో, ఎలుకో తప్ప మనిషి అని రాయడానికి చోటు చాలడం లేదా? ఆ మాట మీద నాకెందుకింత కోపమో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, కానీ నామినీ గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

నేను రిటైరైన తెలుగు మాస్టారిని. హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఆరేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో సభ్యుణ్ణి. ఆసుపత్రి పేరు, మందుల పేర్లు చెప్పను, బయట పెట్టనని సంతకం చేసి ఉన్నాను. మనుషుల మీద కొత్త మందు పరీక్షించాలంటే ముందు ఇలాంటి కమిటీ ఒప్పుకోవాలి. 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి, అందులో డాక్టర్లతో పాటు చట్టం తెలిసినవాళ్లు ఒకరు, కనీసం ఒక మహిళ, వైద్యంతో ఏ సంబంధమూ లేని ఒక మామూలు మనిషి ఉండాలి. ఆ మామూలు మనిషిని నేను. మామూలు మనిషి లేకపోతే కోరం ఉండదు కాబట్టి నేను ఎగ్గొడితే పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా బిస్కెట్లు తిని ఇంటికెళ్లాల్సిందే. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకింత విలువ ఎప్పుడూ దక్కలేదు.

నేను ముఖ్యంగా చూసేది ట్రయల్‌లో చేరేవాళ్లకిచ్చే సమాచార పత్రం, సమ్మతి పత్రం, వాటి తెలుగు. మొదటి మీటింగుకి ముందు ఇంటికొచ్చిన కాగితాల్లో "మీరు రెండు చేతులలో ఒక చేతికి కేటాయించబడతారు" అని ఉంది. చేయి విరిగినవాళ్ల మందేమో అనుకున్నాను. ఇంగ్లీషులో ట్రయల్‌లోని ఒక్కో గుంపును 'ఆర్మ్' అంటారని తర్వాత తెలిసింది. ఇంకోచోట "ఇది ద్వంద్వ అంధ అధ్యయనం". ఎవరికి ఏ మందు పడిందో పేషెంటుకీ డాక్టరుకీ ఇద్దరికీ తెలియనివ్వరు, అదీ దాని అర్థం. ఒక పెద్దావిడ ఆ ముక్క మనవడితో చదివించుకుని "రెండు కళ్లూ పోతాయా బాబూ" అని అడిగిందని అక్కడి కోఆర్డినేటర్ అమ్మాయి నవ్వుతూ చెప్పింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్నిటికన్నా ఘోరం 'సబ్జెక్ట్'. ట్రయల్‌లో చేరిన మనిషిని ఇంగ్లీషు కాగితాల్లో అలా అంటారు. మన అనువాదకుడు నిఘంటువు తీసి 'విషయం' అని రాశాడు. "విషయం మరణించిన పక్షంలో విషయం యొక్క నామినీకి పరిహారం చెల్లించబడును." మనిషి చచ్చిపోయే వాక్యంలో మనిషి లేడు సార్.

ఇంత చెత్త ఎలా పాసవుతోందని అడిగితే ఒక సర్టిఫికెట్ చూపించారు. తెలుగులోకి మార్చినదాన్ని ఇంకొకరి చేత మళ్లీ ఇంగ్లీషులోకి మార్పిస్తారు, అది మొదటి ఇంగ్లీషుతో సరిపోతే తెలుగు బాగున్నట్టే లెక్క. వినడానికి బాగానే ఉంది కదా. కానీ మొదటివాడు మక్కికి మక్కి దింపితేనే రెండోవాడు మక్కికి మక్కి ఎక్కించగలడు. 'విషయం' అని రాస్తే చక్కగా 'సబ్జెక్ట్' అని తిరిగొస్తుంది. అదే ఎవరు ఏ గుంపులో పడతారో చెప్పే చోట నేను "చీటీ తీసినట్టు, ఎవరి వంతు ఏది వస్తే అది" అని రాస్తే తిరిగి వచ్చే ఇంగ్లీషు వేరేగా ఉంటుంది, కంపెనీవాళ్లకి టెన్షన్. అంటే మంచి తెలుగు రాసినవాడు ఫెయిలై, తెలుగు రానివాడు పాసయ్యే పరీక్ష ఇది. నేను పేపర్లు దిద్దిన రోజుల్లో కూడా ఇలాంటిది చూడలేదు.

చీటీ అంటే మోసమేమో అనుకునేవాళ్లు చాలామంది. నేనూ అనుకున్నాను. మా పెదనాన్నకి క్షయ వస్తే ఇల్లూ పొలం వదిలి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో ఏడాది పైన ఉన్నాడట. అప్పట్లో మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి లేకుండా ఆ జబ్బు తగ్గదని అందరూ నమ్మారు. 1956లో మద్రాసులో క్షయ రోగులను చీటీ తీసినట్టే రెండు గుంపులు చేసి, సగం మందిని శానిటోరియంలో పెట్టి, మిగతా సగానికి మురికివాడల్లో వాళ్ల ఇళ్లలోనే ఏడాదిపాటు అవే మందులు ఇచ్చారు. చూస్తే ఇంట్లో ఉన్నవాళ్లకీ దాదాపు అంతే బాగా తగ్గింది, ఇంట్లోవాళ్లకి జబ్బు అంటుకోవడం కూడా పెరగలేదు. ఎవరు ఇంట్లో ఉండాలో డాక్టరు ఎంచి ఉంటే బలంగా ఉన్నవాళ్లనే ఇంటికి పంపేవాడు, ఫలితం ఎవరూ నమ్మేవాళ్లు కాదు. ఆ చీటీ వల్లనే ఇవాళ టీబీ పేషెంటు ఊరొదలకుండా దగ్గర్లో మందులు తెచ్చుకుని వాడుకుంటున్నాడు. ఇప్పుడు నేను పత్రాల్లో ఈ చీటీ పద్ధతికి వాళ్లు రాసే 'యాదృచ్ఛికీకరణ' అనే మాట కనిపించినప్పుడల్లా కొట్టేసి మా పెదనాన్న కథ రెండు లైన్లలో చెప్పమంటాను. ఇప్పటిదాకా ఒక్కరూ చెప్పలేదనుకోండి.

అందుకే ట్రయల్స్ మొత్తం ఆపేయాలన్న మీ కథనం చివరి మాటతో నేను ఏకీభవించను. కానీ కాగితం సంగతి నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో నా కళ్లముందే జరిగింది. 2009లో నేను ఖమ్మం జిల్లాలోనే పని చేస్తున్నాను, వేరే మండలంలో. ఆ ఏడాది భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ అనే కేంద్ర వైద్య పరిశోధన మండలి, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. టీకా వేసుకున్నవాళ్లలో ఇక్కడ ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ తేల్చింది, అదే టీకా ఇవాళ ఎన్నో దేశాల్లో ఆడపిల్లలకు వేస్తున్నారు. కానీ సమ్మతి పత్రాలు తిరగేస్తే 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 చోట్ల హాస్టల్ వార్డెన్ల సంతకాలు. దీని మీద పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగానే అక్షింతలు వేసింది.

వార్డెన్లను తిట్టడం తేలిక. నిజం చెప్పాలంటే ఆ స్థానంలో నేనున్నా పెట్టేవాడిని. విహారయాత్రకి, స్కాలర్‌షిప్ ఫారానికి, టీసీకి, తండ్రి సంతకం ఉండాల్సిన చోట మేం గిలికిన రోజులు లేవా? తండ్రి ఏ కూలి పనికి ఏ ఊరు పోయాడో తెలియదు, పై ఆఫీసు నుంచి సాయంత్రానికల్లా కాగితాలు పంపమని ఫోను. బడిలో ఫారం అంటే మాకు నింపి పంపేదే, చదివేది కాదు. మా కొలీగ్ ఒకాయన తర్వాత అన్నాడు, "టీకాలంటే పోలియో చుక్కల్లాంటివే అనుకున్నా మాస్టారూ, ఆడపిల్లలకి మంచిదే కదా అని పెట్టా" అని. ఆయన చెడ్డవాడు కాదు. ఆ టీకా మీద ఇప్పటికీ ఆ చుట్టుపక్కల అనుమానం పోలేదు, నా మనవరాలికి వేయించమంటే మా వియ్యపురాలే ఒప్పుకోలేదు.

ఇక నామినీ సంగతి. నా శిష్యుడొకడు, డిగ్రీ పూర్తయి ఖాళీగా ఉన్నవాడు, నెలకోసారి "స్టడీకి వెళ్తున్నా సార్" అంటే చదువుకుంటున్నాడని సంతోషించేవాడిని. బీఈ స్టడీ అట. పేటెంట్ అయిపోయిన మందును మన కంపెనీ తయారు చేస్తే, అసలు మందు ఎంత రక్తంలోకి ఎక్కుతుందో ఇదీ అంతే ఎక్కుతోందా అని ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద చూస్తారు. ముందురోజు రాత్రే వెళ్లి పడుకోవాలి, పొద్దున మాత్ర మింగాక చేతి నరానికి క్యాన్యులా అనే సన్న గొట్టం పెట్టి గంటలు లెక్కేసుకుంటూ ఇరవైసార్ల దాకా రక్తం తీస్తారు, కొన్ని రోజులాగి మళ్లీ పిలిచి రెండో మాత్ర. వాడికి ఒకసారికి తొమ్మిది వేలొచ్చాయి. రెండు స్టడీల మధ్య మూణ్నెల్లు ఆగాలని చెబుతారట, వీడు ఆగకుండా ఇంకో చోట పేరు రాయించుకునేవాడు. చేతి మడత దగ్గర మచ్చలు చూసి నేను అడిగితే బయటపడింది. సమ్మతి పత్రంలో నామినీ అని ఒక గడి ఉంటుంది, చదువు, వృత్తి, ఏడాది ఆదాయం పక్కనే. "ఎవరి పేరు రాశావురా" అన్నాను. "అమ్మ పేరు సార్." "అమ్మకి తెలుసా?" "తెలిస్తే చంపేస్తది సార్."

ఇక్కడే ఉంది నా బాధంతా. ప్రయోగం వల్ల మనిషి పోతే పరిహారానికి లెక్క ఉంది. 8 లక్షలను వయసుకో అంకెతో, జబ్బు తీవ్రతకో అంకెతో గుణించి 99.37తో భాగించాలి. ఆ 99.37 అనేది 65 ఏళ్ల వయసుకి ఉన్న అంకె, ఆరోగ్యవంతుడికి రెండో అంకె 4, కాబట్టి ఏ రోగమూ లేని నా ఈడువాడికి 32 లక్షలు, నాకు బీపీ ఉంది కనుక ఇంకాస్త తగ్గొచ్చు. పాతికేళ్ల మా శిష్యుడికి దాదాపు 70 లక్షలు. ప్రాణం పోకుండా ఒంట్లో ఏదైనా తేడా చేసినా ఉచితంగా వైద్యం చేయించాలి, పెద్ద ప్రమాదమైతే డాక్టరు 24 గంటల్లో పైవాళ్లకి తెలపాలి. సమ్మతి పత్రం కాపీ ఒకటి చేరినవాడి చేతికి ఇవ్వాలి. రూల్స్ అన్నీ ఉన్నాయి. కానీ వాడు ఆ కాపీ బస్సెక్కే ముందు చించి పారేస్తాడు, ఇంట్లో దొరికితే గొడవ కనుక. నెల తర్వాత వాడికి ఊళ్లో ఫిట్స్ వచ్చినా, గుండె ఆగినా, దేనికి వెళ్లొచ్చాడో ఆ తల్లికి తెలియదు, ఏ నంబరుకి ఫోన్ చేయాలో తెలియదు, తాను నామినీనని అసలే తెలియదు. ఇంట్లో ఎందుకు దాచాడంటే ఊళ్లోవాళ్లు "వాడు ఎలుక పనికి పోయాడు" అంటారని. ఆ మాట వాళ్లకి ఎవరు నేర్పారు సార్? మీ హెడ్డింగులే కదా.

ఇదే పని ఇంకోచోట ఎలా చూస్తారో చెబుతాను. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన టైఫాయిడ్ టీకాని పరీక్షించడానికి ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లో వంద మందికి పైగా ముందుకొచ్చారు. కొందరికి ఈ టీకా, కొందరికి వేరే టీకా వేసి, తర్వాత నెలకి టైఫాయిడ్ క్రిములు కలిపిన నీళ్లు తాగించారు. తాగేవాళ్లకి గ్లాసులో ఏముందో తెలుసు, జ్వరం వస్తే ఏం చేస్తారో తెలుసు, ఇంట్లోనూ చెప్పుకున్నారు, డబ్బూ తీసుకున్నారు. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, ఇవాళ ఆ టీకా ఎన్నో దేశాల పిల్లలకు వేస్తున్నారు. వాళ్లని అక్కడ ఎవరూ పందులన్నట్టు నేను వినలేదు. వాళ్లకి చదువుంది, మనవాళ్లకి అవసరం ఉంది, ఆ తేడా నాకు తెలుసు, ఏజెంట్లు కమీషన్‌కి మనుషులను పోగుచేయడం ఏ పద్ధతిలోనూ ఒప్పు కాదు, మీ విలేకరి వాళ్లని వదలకూడదు కూడా. కాకపోతే డబ్బు అవసరమై వెళ్లినవాడు కూడా అడగాల్సినవి అడిగి వెళ్లొచ్చు కదా, అది మనం నేర్పొచ్చు కదా.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఆదివారం అనుబంధంలో అరపేజీ ఇవ్వండి. ట్రయల్‌కి వెళ్లేవాడు ఏమడగాలి, కాపీ ఎందుకు దాచుకోవాలి, నామినీకి ఎందుకు చెప్పాలి, చదువురానివాళ్లయితే సంస్థకి సంబంధం లేని సాక్షి పక్కనుండాలన్న సంగతి, మన దేశంలో జరిగే ప్రతి ట్రయల్ పేరూ 2009 నుంచి సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీలో తప్పనిసరిగా ఉంటుంది కాబట్టి ఫోన్‌లోనే వెతుక్కోవచ్చన్న సంగతి, ఇవన్నీ. భాష నేను చూసిపెడతాను, డబ్బులక్కర్లేదు. మా కమిటీలో నేను ఇప్పుడు ఒక పట్టు పడుతున్నాను. కోఆర్డినేటర్లు పత్రం చదివి వినిపించాక "అర్థమైందా" అని అడగొద్దు, అర్థమైందనే అంటారు, క్లాసులో ముప్పై నాలుగేళ్లు విన్నాను. "ఇంటికెళ్లి మీ ఆవిడకి దీని గురించి ఎలా చెబుతారో నాకు చెప్పండి" అనండి అంటున్నాను. చెప్పలేకపోతే ఆ రోజు సంతకం వద్దు. కంపెనీవాళ్లు ఆలస్యమవుతుందని గొణుగుతున్నారు, లాయరుగారు మాత్రం నా వైపే ఉన్నారు.

వచ్చే శనివారం మళ్లీ మీటింగ్. బల్ల మీద ఇరవయ్యారు పేజీలున్నాయి, పదకొండో పేజీ దాకా వచ్చాను, అక్కడ ఎర్ర పెన్నుతో మళ్లీ 'విషయం' కొట్టేసి 'మీరు' అని రాశాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు,
హైదరాబాద్