లియోన్ నడకను తిరగేశాం, ఎందుకో చెప్పాలి

మా తెలుగు ఆడియో నడక కొనుక్కుని ఫ్రాన్స్‌లో లియోన్ పాత ఊరు చూసినవాళ్లకీ, కొనుక్కుని ఇంకా బయల్దేరనివాళ్లకీ ఇది రాస్తున్నాను. పాత రికార్డింగ్ ఇక వాడకండి. కొత్తది సిద్ధమైంది, ముందే కొన్నవాళ్లందరికీ ఉచితం.

జులైలో ఒకావిడ మెసేజ్ పెట్టారు. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని ప్యారిస్ నుంచి ఒక్క రోజుకి లియోన్ వచ్చారు. నేను చెప్పినట్టే పాత ఊళ్లోంచి ఫూర్వియేర్ కొండ మీదికి ఎక్కే షాజో మెట్ల దారి పట్టారు. మొత్తం 228 మెట్లు. రికార్డింగ్‌లో నేను "కొంచెం ఎత్తుగా ఉంటుంది, నెమ్మదిగా ఎక్కండి" అన్నాను, అంతే. సగం దారిలో వాళ్లమ్మగారు కూలబడిపోయారు. పైకి ఎక్కే ఓపిక లేదు, కిందికి దిగాలంటే మోకాళ్ల నొప్పి. మధ్యాహ్నం ఎండ. "మెట్లు ఎన్నో ముందే చెప్పి ఉంటే మేం అటు వచ్చేవాళ్లమే కాదండీ" అని రాశారు ఆవిడ.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. డబ్బు వెనక్కి పంపాను. కానీ అంతకు ముందే ఇద్దరు ఇలాంటి మాటే రాశారు. కొండల ఊరు కదా, ఎక్కక తప్పదు అనుకుని ఊరుకున్నాను. అది నా తప్పే. నేను ఆ దారిని ఒంటరిగా, పొద్దున్నే, చేతిలో ఏ సంచీ లేకుండా నడిచి రాశాను. మన దగ్గర్నుంచి వచ్చేవాళ్లు పిల్లలతో, పెద్దవాళ్లతో, భుజాన బ్యాగులతో వస్తారు. ఆగస్టులో అత్తయ్యగారితో కలిసి, ఆవిడ అడుగు ప్రకారమే మళ్లీ నడిచాను. "రెండు గంటలు" అని నేను రాసిన నడకకి మూడున్నర గంటలు పట్టింది.

అందుకే ఇప్పుడు నడక పైనుంచి మొదలవుతుంది. పాత ఊరి మెట్రో స్టేషన్‌లోనే ఫూర్వియేర్ కొండ మీదికి కేబుల్‌తో లాగే చిన్న రైలు ఉంది. మెట్రో టికెట్టే దానికీ పనికొస్తుంది. దిగగానే ఎదురుగా బసిలికా, 1872లో కట్టడం మొదలైన పెద్ద చర్చి. దాని పక్కనున్న ఆరుబయటి జాగా నుంచి చూస్తే కొండ కింద సోన్ నది, దూరంగా రోన్ నది, ఎడమ పక్క క్రువా రూస్ కొండ. ఆకాశం తేటగా ఉంటే ఆల్ప్స్ కొండలు కూడా.

అక్కణ్నుంచి కొద్ది నిమిషాల దూరంలో రోమన్ల నాటి థియేటర్. క్రీస్తుపూర్వం 43లో రోమన్లు ఈ కొండ మీదే లుగ్దూనమ్ అనే ఊరు కట్టారు, లియోన్ పుట్టింది అదే. థియేటర్ మట్టిలో కూరుకుపోయి ఉంటే 1933లో మేయర్ ఎదువార్ ఎరియో కాలంలో తవ్వకాలు మొదలుపెట్టారు. ప్రవేశం ఉచితం. అన్నిటికన్నా పెద్ద ఆడియో భాగం ఇక్కడే పెట్టాను, రాతి మెట్ల మీద కూర్చుని వినడానికి. లోపలి మెట్లు దిగలేనివాళ్లకి బయట రోడ్డు వాలుగా మినీమ్ స్టేషన్‌కి తీసుకెళ్తుంది. అక్కడ మరో చిన్న రైలెక్కితే మళ్లీ పాత ఊళ్లో దిగుతారు. షాజో మెట్లు ఇష్టపడేవాళ్లకి ఆ దారి విడిగా ఉంచాను. 228 అన్న అంకె ఈసారి మొదటి వాక్యంలోనే వినిపిస్తుంది.

రెండో సంగతి నాకు ఇంకా ఎక్కువ బాధ కలిగించింది. పాత ఊళ్లో ట్రబూల్ అనే దారులున్నాయి. ఒక వీధిలో తలుపు తోసుకుని లోపలికి వెళ్తే ఇళ్ల కిందుగా, నడవాలు, ప్రాంగణాలు దాటుకుంటూ ఇంకో వీధిలో తేలతాం. సాన్ జాన్ వీధి 54వ నంబరు దగ్గర దూరి, బఫ్ వీధి 27వ నంబరు దగ్గర బయటపడేది పాత ఊళ్లో అన్నిటికన్నా పొడవైనది. ఇవన్నీ పట్టుబట్టలు వానకి తడవకుండా మోసుకెళ్లడానికి కట్టారని పాత రికార్డింగ్‌లో చెప్పాను. వినడానికి బాగుంటుంది, అందరూ చెప్పేదే. కానీ పాత ఊరి విషయంలో అది సరికాదు. ఇక్కడ వీధులు నది వెంబడే సాగుతాయి, వాటిని అడ్డంగా కలిపే సందులు తక్కువ. చుట్టూ తిరిగి రాకుండా ఇళ్ల మధ్య నుంచే దారులు వదిలారు. లియోన్‌లో పట్టు నేతకి రాజు మొదటి ఫ్రాన్సువా అనుమతులిచ్చింది 1536లో. ఈ దారుల్లో కొన్ని అంతకంటే పాతవి. పట్టు కథ నిజంగా చెందేది క్రువా రూస్ కొండకి, 19వ శతాబ్దానికి. మీ పిల్లలకి నా మాటగా ఆ కథ చెప్పి ఉంటే, దయచేసి ఇది కూడా చెప్పండి.

ఆ ట్రబూల్ తలుపుల వెనక మనుషులు కాపురం ఉంటున్నారన్న సంగతి నేను గట్టిగా చెప్పలేదు. అవి సొంత ఇళ్లు. నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని, నిర్వహణలో సాయం తీసుకుని, పగటిపూట కొన్నిటిని మనకోసం తెరిచి ఉంచుతున్నారు. ఒక ప్రాంగణంలో మా రికార్డింగ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని ఆరుగురు వింటుంటే, పైనుంచి ఒక తల్లి దిగి వచ్చి, ఇప్పుడే పాప పడుకుందని చెప్పారట. ఆ విన్నవాళ్లే నాకు రాస్తే తెలిసింది. రాతి గోడల మధ్య చిన్న మాట కూడా పై అంతస్తు దాకా మోగుతుంది. అందుకని ఇప్పుడు కథంతా వీధిలోనే, తలుపు బయటే వింటారు. లోపల నా గొంతు ఉండదు. తలుపు పక్క మీట ఎక్కడుందో, లోపల లైటు దానంతటదే ఆరిపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్తాను. తలుపు తెరుచుకోకపోతే బలవంతం చేయకండి, తర్వాతి దానికి వెళ్లండి.

ఒక ప్రాంగణాన్ని పూర్తిగా తీసేశాను. అది అందరికీ తెరిచి ఉంచిన వాటిలో లేదు. ఒకసారి ఎవరో లోపలికి వెళ్తుంటే వెనకే వెళ్లి, చూసి, రాసేశాను. అలా చేసి ఉండకూడదు.

క్రువా రూస్ భాగం మాత్రం ఇంకా సిద్ధం కాలేదు. అది ఆగింది ధర్మవరం నేత కుటుంబం నుంచి వచ్చిన ఒక పెద్దాయన వల్ల, అందుకు ఆయనకి ఎంతో రుణపడి ఉన్నాను. బట్ట మీద డిజైన్లు నేసే జకార్డు మగ్గం "తనంతట తానే నేస్తుంది" అని నేను అన్నాను. ఆయన ఫోన్ చేసి, ఓపిగ్గా విడమర్చారు. "అమ్మా, అది నేయదు. ఏ పడుగు పోగు లేవాలో అట్టల్లోని బెజ్జాలు చెప్తాయి, అంతే. నాడె విసిరి పేక వేసేది మనిషే." లియోన్‌వాడైన జోసెఫ్ మరీ జకార్డు 1804 ప్రాంతంలో చేసి చూపించిన ఆ పద్ధతి రాకముందు, మగ్గం పక్కన ఇంకొకరు నిలబడి తాళ్లు లాగాల్సి వచ్చేది. క్రువా రూస్ ఇళ్లకి దాదాపు 4 మీటర్ల ఎత్తు కప్పులు ఎందుకో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. జకార్డు పెట్టుకోవడానికి వాళ్ల ఇంట్లో కూడా కప్పు లేపారట. ఆ కొండ మీద నేతగాళ్లు కూలి రేటు కోసం 1831లో, మళ్లీ 1834లో తిరగబడ్డారని చెప్తే, చాలాసేపు మాట్లాడలేదు ఆయన. కొత్త రికార్డింగ్‌లో ఆ భాగం ఆయన గొంతుతో వినిపించడానికి ఒప్పుకున్నారు. ఆయన మాటలు హడావిడిగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు. డిసెంబరులో ఇవ్వగలననుకుంటున్నాను.

ధర 9 యూరోల నుంచి 11 అవుతోంది. పెరిగిన రెండూ రికార్డింగ్ స్టూడియోకీ, ఆ పెద్దాయనకి ఇచ్చే పారితోషికానికీ వెళ్తాయి. ఒక కుటుంబానికి ఒకటి కొంటే చాలు, నలుగురు నాలుగు ఫోన్లలో వినొచ్చు. పాత దారిలో పెద్దవాళ్లతో ఎక్కి ఇబ్బంది పడినవాళ్లు ఎప్పుడు వెళ్లినా సరే, నాకు ఒక్క మాట రాయండి, డబ్బు తిరిగి పంపుతాను. ఇయర్‌ఫోన్లు మాత్రం మరిచిపోకండి.