క్యాలెండర్ గడిలో కాస్త చోటు వదలండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో జీవితాన్ని మార్చే అలవాట్లంటూ ఒక పేజీ నిండా వ్యాసం వేశారు. తెల్లవారుజామున 4కి లేవాలట, చన్నీళ్ళు పోసుకోవాలట, గంట వ్యాయామం, అరగంట ధ్యానం, ఆపైన 30 పేజీలు చదవాలట. రాసినాయన ఇంట్లో మంచినీళ్ళు ఎవరు పడతారో, పిల్లల్ని బడికి ఎవరు దింపుతారో మాత్రం రాయలేదు. నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టర్‌గా చేసి 2020లో రిటైరయ్యాను. తొలి బస్సు డ్యూటీ పడ్డ రోజుల్లో మూడున్నరకే లేచేవాణ్ణి. చన్నీళ్ళే పోసుకునేవాణ్ణి, ఆ వేళకి వేడినీళ్ళు కాచి పెట్టేవాళ్ళు ఎవరుంటారు? దాంతో నా జీవితం ఏమీ మారలేదు. మధ్యాహ్నం టెక్కలి దాటాక కునుకు మాత్రం వచ్చేది.

నాకు నిజంగా మేలు చేసిన అలవాటు ఒకటుంది. అర నిమిషం పని. ఏదైనా జరగ్గానే అక్కడికక్కడే కాగితం మీద పెట్టేయడం.

ఇది నాకు ఒక ముసలమ్మ నేర్పింది. 1990 ప్రాంతంలో, శ్రీకాకుళం-పలాస బస్సు. ఆవిడ నరసన్నపేటలో ఎక్కి కోటబొమ్మాళికి టికెట్ తీసుకుని 20 రూపాయల నోటిచ్చింది. సంచిలో చిల్లర లేదు. దిగేటప్పుడు ఇస్తానమ్మా అన్నాను. కోటబొమ్మాళిలో దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, టాపు మీద బస్తాలు, ఆ గొడవలో రైట్ చెప్పేశాను. రాత్రి డిపోలో క్యాష్ కడుతుంటే 17 రూపాయలు ఎక్కువ తేలింది. మా ఉద్యోగంలో తక్కువైతే జేబులోంచి కట్టాలి, ఎక్కువైతే సంజాయిషీ చెప్పుకోవాలి. వారం తర్వాత ఆవిడే మళ్ళీ ఎక్కింది. నేను టికెట్ అడగకముందే, "కండట్రు బావూ, నాది పదిహేడు రూపాయిలుండిపోనాది గదా" అంది. అరవలేదు, తిట్టలేదు. బస్సంతా నా వంక చూసింది. ఆ రోజుల్లో ఆవిడకది ఒక రోజు కూలి.

అప్పట్నుంచి చిల్లర బాకీ పడితే ఆ క్షణమే టికెట్ వెనకాల అంకె వేసి, చుట్టూ సున్నా చుట్టి ఇచ్చేవాణ్ణి. కండక్టర్లందరూ చేసేదే, ఇందులో నా గొప్పేమీ లేదు. కాకపోతే చాలామంది ఇంకో నాలుగు టికెట్లు కొట్టాక రాద్దామనుకుంటారు. అక్కడే పోతుంది.

స్టేజి క్లోజ్ చేయడమూ అంతే. ప్రతి స్టేజికీ ఎన్ని టికెట్లు తెగాయో ఎస్ఆర్ కాగితంలో వేయాలి. బస్సు కిక్కిరిసి ఉంటే రెండు స్టేజీలూ కలిపి రాద్దామనిపిస్తుంది. సరిగ్గా ఆ రోజే చెకింగ్ వాళ్ళు ఎక్కుతారు. అందుకని నేనొక గుర్తు పెట్టుకున్నాను. మడపాం దగ్గర వంశధార వంతెన మీదికి బస్సు ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది. ఆ చప్పుడు వినబడితే చెవి మీది పెన్సిల్ చేతిలోకి రావాలి. మొదట్లో గుర్తు చేసుకుని తీసేవాణ్ణి, కొన్నాళ్ళకి చెయ్యే పోయేది. ఒకసారి డ్యూటీ దిగి, కిటికీ పక్కన నిద్రపోతూ వస్తున్నాను. వంతెన రాగానే చెయ్యి చెవి దగ్గరికి లేచిందట. దోమ కుట్టిందా అని పక్కనాయన అడిగాడు.

రిటైరయ్యాక వంతెన లేదు, పెన్సిలూ లేదు. మంచి అట్ట ఉన్న డైరీ కొని 9 రోజులు రాశాను. పదో రోజు పెన్ను దొరకలేదు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారు డైరీలు రాశారంటే అది వేరే సంగతి. నాలాంటివాడికి పెన్ను కోసం ఇల్లంతా వెతకాల్సి వస్తే ఆ పని ఇక జరగదు. చివరికి వంటింట్లో క్యాలెండర్ తగిలించిన మేకుకే పురికొసతో ఒక బాల్‌పెన్ను కట్టాను. పొద్దున్న పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేలోగా ఆ రోజు గడిలో రాసేస్తాను. ఇప్పుడు నాకు పాల గిన్నే మడపాం వంతెన. గడి చూస్తే ఇలా ఉంటుంది: "132-84. గ్యాస్ మార్చాం. మా 1. నిచ్చెన మేడ మీదికి." మా ఆవిడ పాల ప్యాకెట్ రాని రోజున ఒక సున్నా చుడుతుంది. అంతకు మించి సాహిత్యం లేదు.

"మా 1" అంటే మాత్ర ఒకటి. దాని సంగతి చెప్పాలి.

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మందుల షాపులో అడిగితే ఇచ్చే నొప్పి మాత్ర ఒకటి డబ్బాలో ఉండేది. అది వేసుకున్న రోజున నేను గడిలో "మా" అని వేసేవాణ్ణి. "ఏటి, నా మీద కూడా ఎస్ఆర్ రాస్తన్నారా?" అని కోప్పడింది కూడా. రెండేళ్ళ కిందట ఆవిడ పాదాలు కాస్త ఉబ్బితే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారా అమ్మా అని అడిగారు. ఎప్పుడో ఒకటండీ, మరీ నొప్పైతే అంది. నేను ఆ నెల కాగితం చింపి నాలుగు మడతలు పెట్టి జేబులో తెచ్చాను. తీసి బల్ల మీద పరిచాను. ఆయన పెన్ను మొనతో ఒక్కో గడీ తాకుతూ లెక్కపెట్టారు. 22. మా ఆవిడ నోరు తెరుచుకుని ఉండిపోయింది. అబద్ధం చెప్పలేదు పాపం, నిజంగానే ఎప్పుడో ఒకటి అనుకుంటోంది.

తర్వాత ఆయన, పుట్టింటిదెక్కడమ్మా అని అడిగారు. కవిటి మండలం అనగానే కుర్చీ ముందుకి జరుపుకున్నారు. కవిటి ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు గురించి మీ పేపర్లోనే ఎన్నేళ్ళుగానో రాస్తున్నారు. కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. అయితే కారణం ఏదైనా, ఈ రకం నొప్పి మాత్రలు రోజూ మింగితే కిడ్నీ మీద భారమేనని ఆయన విడమరిచి చెప్పారు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చింది. మాత్ర ఆపేసి, పూత మందు, వేడి కాపడం, కుర్చీలో కూర్చుని కాలు చాచి పట్టి ఉంచే వ్యాయామం రాశారు. మూడు నెలలకి 1.1కి దిగింది. నొప్పి పూర్తిగా పోలేదు. మెట్లు ఎక్కేటప్పుడు ఇప్పటికీ నన్నే తిడుతుంది.

బీపీ విషయంలో గడి నా తెలివితక్కువనే బయటపెట్టింది. మొదట్లో టీ తాగి, బిందె మేడ మీదికి మోసి, ఆయాసపడుతూ మిషన్ పెట్టుకునేవాణ్ణి. 158 చూపించేది. భయమేసి మళ్ళీ చూస్తే ఇంకా పెరిగేది. "బిందె మోశాక" అని నేనే రాసి ఉండడం చూసి డాక్టరు గారు నవ్వారు. టీకి ముందే చూసుకోవాలి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉంచి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే మిషన్ నొక్కాలి అన్నారు. ఇంట్లో చూసుకుంటే 135-85 లోపు ఉండాలట. ఉంటోంది. 5 నిమిషాలు మాట్లాడకుండా ఉండడమే కండక్టర్‌కి కష్టం.

చిన్న అలవాటు అనగానే మంచిదే అనుకుంటారేమో, మా అమ్మ సంగతి రాస్తాను. మా వైపు ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటాం. రెండు చేతులూ నాట్లలో ఉన్నా, గాలి కొడుతున్నా, చుట్ట నోట్లో కాలుతూనే ఉంటుంది. అమ్మ రోజుకి రెండే తాగేది, అన్నం తిన్నాక ఒకటి చొప్పున. అలా 40 ఏళ్ళు. అంగిలి తెల్లబడింది, కూరలో కారం తగిలితే మండేది, మాకెవరికీ చెప్పలేదు. పుండు పడ్డాక వైజాగ్ తీసుకెళ్తే క్యాన్సర్ అన్నారు, అప్పటికే ఆలస్యమైంది. ఇంట్లో అడ్డపొగ తాగే పెద్దావిడ ఉంటే నెలకోసారి నోరు తెరిపించి టార్చి వేసి చూడండి. తెల్ల మచ్చ కనబడితే ఆగొద్దు, డాక్టరుకి చూపించండి. అదీ అర నిమిషమే.

మా బామ్మర్దిది కవిటి దగ్గరే, కొబ్బరి తోట. పెద్దగా చదువుకోలేదు. దింపు అయినప్పుడల్లా ఏ వరసలో ఎన్ని చెట్లు దింపారో, ఎన్ని కాయలు వచ్చాయో కొడుకు పాత నోట్సులో మిగిలిన కాగితాల మీద రాసుకుంటాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి వెళ్ళాక నేను ఆ తోట చూశాను. చెట్ల మీద చెట్లు అడ్డంగా పడి, ఎవరి గట్టు ఎక్కడో కూడా తెలియలేదు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు నోట్సు చూశారు, తర్వాత మొదళ్ళు లెక్కపెట్టారు. 61కి 61 సరిపోయాయి. పావుగంటలో సంతకం అయిపోయింది. పక్క తోటాయన 80 అంటాడు, మొదళ్ళు 70 కూడా తేలవు. రెండు రోజులు వాదించుకుంటూనే ఉన్నారు. నోట్సు ఉందని మా బామ్మర్ది చెట్లు లేచి నిలబడలేదు. ఆ రెండు రోజులూ అతను పడిన మొద్దులు తీయించుకున్నాడు.

ఈ అలవాటుతో చిక్కులూ ఉన్నాయి. "నిచ్చెన మేడ మీదికి" అన్నది చదివి, మేడ మీదుండే మా తమ్ముడు 15 రోజులు మాట్లాడలేదు. నిచ్చెనకి కూడా లెక్క రాస్తావా అన్నాడు. ఇప్పుడు ఇచ్చిన వస్తువులకి పొడి అక్షరాలే వేస్తున్నాను. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చి, ఇవన్నీ ఎందుకు నాన్నా అని ఫోన్‌లో యాప్ వేసిచ్చాడు. అది తెరవబోయి నాలుగు వీడియోలు చూసి, ఎందుకు తెరిచానో మర్చిపోతున్నాను.

మీ ఏజెంటు గారు కోప్పడకపోతే ఇంకొకటి చెబుతాను. మీ పేపరు ఇంటికి వేయించుకోవడం మానేశాను. ఏడు రోడ్ల జంక్షన్ దాకా నడిచివెళ్ళి కొనుక్కుంటున్నాను. రానూ పోనూ 2 కిలోమీటర్లు. నాగావళి గట్టున 6 కిలోమీటర్లు నడుద్దామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశాను. పేపరు లేకపోతే టీ దిగదు కాబట్టి ఇది మాత్రం సాగుతోంది.

ఇక ఈ ఉత్తరం ఎందుకు రాశానంటే, మీ క్యాలెండర్ గురించి. జనవరికి పేపరుతో పాటు ఇచ్చారు, సంతోషం. కానీ గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, పండగ బొమ్మ, మూలన నగల దుకాణం ముద్ర, అన్నీ ఉన్నాయి. రాసుకోవడానికి బొటనవేలంత చోటు లేదు. రథసప్తమి గడిలో సూర్యుడి రథం ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆక్రమించింది. అరసవల్లి స్వామి మా ఊరి దేవుడే, నమస్కారం. కానీ ఆ రోజు బీపీ గుర్రాల మీద రాయాల్సి వచ్చింది. పైగా కాగితం అద్దంలా నున్నగా ఉంది. పెన్ను జారుతుంది, చెయ్యి తగిలితే సిరా పూసుకుపోతుంది.

వచ్చే ఏడాది రంగులు తగ్గించి, ప్రతి గడిలోనూ అడుగున రెండు గీతలు ఖాళీగా వదలండి. మీ పేపరు అచ్చు వేసే మామూలు కాగితమే చాలు. మేకూ పురికొసా నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
శ్రీకాకుళం