హీలియం పేరులో మన గుంటూరు

సంపాదకులకు నమస్కారం.

మొన్న సాయంత్రం తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ "హైడ్రోజన్, హీలియం, లిథియం, బెరీలియం" అని బట్టీ పడుతోంది. హీలియానికి ఆ పేరెందుకు వచ్చిందే అని అడిగితే, నోట్సులోంచి తలెత్తకుండానే "అది పరీక్షలో రాదు అమ్మమ్మా" అంది. దాని తప్పేం లేదు. పాఠంలో లేదు, క్లాసులో ఎవరూ చెప్పలేదు.

గుంటూరు పిల్లకి ఈ పేరు కథ తెలియకపోవడం నాకు చాలా బాధనిపించింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఉన్నది మన గుంటూరులోనే. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును స్పెక్ట్రోస్కోపుతో రంగు గీతలుగా విడదీసి చూశాడు. గ్రహణం లేకపోయినా ఆ జ్వాలల్ని చూడొచ్చని మర్నాడు ఇక్కడే చూసి తేల్చాడు. ఆ గ్రహణం వేళ శాస్త్రవేత్తల కంటపడ్డ గీతల్లో పసుపుపచ్చది ఒకటుంది. ఒక్కో మూలకం వెలుగులో దానికే సొంతమైన గీతలుంటాయి. ఇది సోడియం గీతే అనుకున్నారు. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త కూడా దాన్ని చూశాడు. సోడియం గీత ఉండాల్సిన చోటికి కాస్త పక్కగా ఉంది! భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదు. గ్రీకులో సూర్యుణ్ని 'హీలియోస్' అంటారు. దానికి లాటిన్ తోక 'ఇయం' తగిలించి హీలియం అన్నారు. సోడియం, లిథియం లాంటి లోహాల పేర్లకుండే తోక అది. ఇదీ లోహమే అయ్యుంటుందనుకున్నారు. 1895లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త ఒక యురేనియం ఖనిజం నుంచి హీలియాన్ని బయటికి తీశాక అది వాయువని తెలిసింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. దాని చుట్టాలు నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్‌లకు ఆ తోక లేదు, చూడండి.

ఆర్గాన్ అంటే గ్రీకులో సోమరి అని చెప్పగానే మా పిల్ల పకపకా నవ్వింది. అది దేనితోనూ అంత తేలిగ్గా కలవదని ఇక దానికి ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు. 'హీలియోస్', మన 'సూర్య' ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. అదీ చెప్పాను.

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మూలకాల పాఠంలో పేరు పక్కన రెండేసి లైన్లు దాని పుట్టుక గురించి రాయండి. పిల్లలకు టెన్షన్ లేకుండా, మార్కులతో పని పెట్టకుండా రాయండి. హీలియం దగ్గర మాత్రం గుంటూరు పేరు మర్చిపోవద్దు.

– ఒక అమ్మమ్మ, గుంటూరు