ఆ సెట్లను గుల్ల చేయకండి

సంపాదకుల వారికి,

పాత సైనిక రేడియోలను బ్లూటూత్ స్పీకర్లుగా మార్చుతున్న కుర్రాళ్ల గురించి మీరు ఆదివారం వేసిన కథనం చదివాను. పనితనానికి వంక పెట్టను. కానీ ఫొటోలో బల్ల మీద కుప్పగా పడున్న వాల్వులు (పాత రేడియోల్లోని గాజు గొట్టాలు) చూసి ప్రాణం ఉసూరుమంది. ఆ డబ్బా ఎస్‌సీఆర్-300, అమెరికా సైన్యం వీపున మోసిన రేడియో. సిగ్నల్స్ (సైనిక సమాచార విభాగం) క్యాడెట్‌గా నేను వీపున మోసిన 31 సెట్ దానికి బ్రిటిష్ రూపం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మోటరోలా (అప్పట్లో గాల్విన్ కంపెనీ) ఇంజినీర్ డేనియల్ నోబుల్ బృందం ఈ ఎస్‌సీఆర్-300ను తయారుచేసింది. మనిషి మోసే సెట్‌లో ఎఫ్ఎం పెట్టడం అప్పట్లో సాహసమే. పాత పద్ధతి ఏఎం సెట్లలో ఇంజిన్ల గరగర మాటను మింగేస్తుంటే, ఇందులో గొంతు తేటగా వచ్చేది. 18 వాల్వులు, 41 ఛానళ్లు, సుమారు ఐదు కిలోమీటర్ల దూరం. అదీ మధ్యలో గుట్ట అడ్డురాకపోతేనే.

బరువు పదిహేను కిలోల పైమాటే. మోసేది నేను, హ్యాండ్‌సెట్ పట్టుకుని మాట్లాడేది మా సెక్షన్ లీడర్. ఆయన చటుక్కున పక్కకు నడిస్తే వైరు లాగి నేనూ తిరగాల్సిందే! దూరం అందకపోతే పదడుగుల ఏరియల్ బిగించేవాళ్లం. చెట్ల కిందికి వెళ్తే అది కొమ్మల్లో ఇరుక్కునేది. మీటలు తిప్పడం ఒక్కపూటలో వచ్చేసింది. ముందు వినడం, లైన్ ఖాళీ అయ్యాకే బటన్ నొక్కడం, నొక్కి క్షణం ఆగి మాట్లాడటం మాత్రం తిట్లు తిన్నాకే ఒంటబట్టాయి. ఆగకపోతే మొదటి మాట అవతలికి చేరదు.

బ్యాటరీ దొరకదు కాబట్టి సెట్ పనికిరాదని ఆ కుర్రాడు అన్నట్టు రాశారు. ఆ సెట్‌కు వాడే బీఏ-70 బ్యాటరీ దొరక్కపోవచ్చు. సెట్‌కు కావలసింది నాలుగున్నర, 90, 150 వోల్టులు, అంతే. మామూలు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పది వరుసగా కలిపితే 90, మరో ఏడు చేరిస్తే 150 దాటుతుంది. అయితే 150 వోల్టులు గట్టి షాకే కొడతాయి, స్విచ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో (కరెంటును నిల్వ ఉంచే భాగాలు) చార్జ్ మిగులుతుంది. ముందుగా వాటిని తెలిసినవారితో పరీక్షింపజేయాలి.

ఇంకో మాట. పాత సైనిక పరికరాల్లో కొన్నిటి డయళ్ల మీద రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిసిన పెయింట్ ఉంటుంది. చీకట్లో మెరవడం మానేసినా అందులో రేడియం అలాగే ఉంటుంది. గీకి రంగు వేయడం ఆరోగ్యానికి చేటు. లైసెన్స్ లేకుండా ప్రసారం బటన్ నొక్కకూడదని కూడా ఆ కుర్రాళ్లకు చెప్పండి.

– ఒక మాజీ సిగ్నల్స్ క్యాడెట్