‘ఫైబ్రాయిడ్ యుటెరస్’ అంటే చాలదు

గర్భాశయ ఫైబ్రాయిడ్ల (గర్భాశయ కండరంలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డల) అల్ట్రాసౌండ్ రిపోర్టులు చాలావరకు ‘ఫైబ్రాయిడ్ యుటెరస్, 4 సెం.మీ.’ అన్న ఒక్క ముక్కతో ముగుస్తున్నాయి. దానితో చికిత్స తేల్చలేం. లోపొరలోకి పొడుచుకొచ్చిన 2 సెం.మీ. గడ్డ విపరీతమైన రక్తస్రావానికి, గర్భం నిలవకపోవడానికి కారణం కావచ్చు. బయటి వైపు పెరిగిన 6 సెం.మీ. గడ్డ అసలు బాధే పెట్టకపోవచ్చు. అందుకే 2011లో ఫిగో (స్త్రీవైద్య, ప్రసూతి నిపుణుల అంతర్జాతీయ సమాఖ్య) గడ్డ ఉన్న చోటును బట్టి 0 నుంచి 8 వరకు రకాలు నిర్ణయించింది, కానీ ఆ అంకె రిపోర్టుల్లో అరుదు. నిండు మూత్రాశయంతో పొట్ట పైనుంచి మాత్రమే చూస్తే చిన్న గడ్డలు తప్పిపోతాయి. మూత్రాశయం ఖాళీ చేయించి, మహిళ సమ్మతితో యోని ద్వారా కూడా చూడాలి. పైకి బాగా పెరిగిన గడ్డ ఆ ప్రోబ్‌కు అందదు గనుక పెద్ద గర్భాశయానికి రెండు పద్ధతులూ అవసరమే. అడెనోమయోసిస్‌ను (లోపొర కణజాలం గర్భాశయ కండరంలోకి చొచ్చుకుపోయే సమస్యను) ఫైబ్రాయిడ్ అనుకోవడం ఇంకో పొరపాటు: ఫైబ్రాయిడ్‌కు అంచు స్పష్టంగా ఉండి, రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్‌లో రక్తనాళాలు చుట్టూ కనిపిస్తాయి; అడెనోమయోసిస్‌లో అంచు చెదిరి, నాళాలు మధ్యలోంచి పోతాయి. తేడా పట్టకపోతే ఆపరేషన్‌లో ఒలిచి తీయడానికి గడ్డే దొరకదు! ప్రతి స్కానింగ్ కేంద్రం గడ్డల సంఖ్య, ఒక్కోదాని మూడు కొలతలు, ఫిగో రకం, లోపొర నుంచి, బయటి పొర నుంచి దూరం తప్పనిసరిగా నింపే ఫారం వాడాలి. లోపల కనిపించేది ఫైబ్రాయిడో, పాలిపో (లోపొర నుంచే పెరిగిన మెత్తని బుడిపె) తేలనప్పుడు, గర్భం, ఇన్ఫెక్షన్ లేవని నిర్ధారించుకుని, నెలసరి ఆగిన వెంటనే గర్భాశయంలోకి సెలైన్ ఎక్కించి మళ్లీ చూడాలి.