రింగు సైజు అడుగుతున్నాం, ఏ రబ్బరో అడగటం లేదు

సంపాదకుల వారికి,

అయ్యా,

గాజువాక ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్ల ముందు ఓ-రింగులు, అంటే పైపుల అతుకుల్లో, వాల్వుల్లో లీకు కాకుండా వేసే గుండ్రటి రబ్బరు రింగులు, దండలు గుచ్చి మేకులకు వేలాడుతూ ఉంటాయి. హెల్పర్ కుర్రాడు ఒకడు పాత రింగు పట్టుకుని వస్తాడు. "ఇలాంటిదే ఒకటి ఇవ్వండి మాస్టారూ" అంటాడు. కొట్టు ఆయన వెర్నియర్ పెట్టి కొలిచి, దండలోంచి ఒకటి లాగి ఇస్తాడు. ఏ పైపులైనుకు వేస్తావని ఆయన అడగడు, ఇది ఏ రబ్బరని కుర్రాడూ అడగడు. అడగాలని తోచదు కూడా. బలం కోసం రబ్బరులో కార్బన్ పొడి కలుపుతారు కాబట్టి ఏ రకమైనా ఒకేలా ఉంటుంది: నైట్రైల్ నలుపే, ఈపీడీఎం నలుపే, నియోప్రీన్ నలుపే. విటాన్ అనే ఖరీదైన రకం ఒక్కోసారి గోధుమ రంగులో వస్తుంది, ఒక్కోసారి అదీ నలుపే. పక్కపక్కన పెడితే ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసిన నేను కూడా కంటితో చూసి చెప్పలేను. చేత్తో పట్టుకుంటే విటాన్ కాస్త బరువుగా ఉంటుంది, అంతే.

ఇదంతా వేరేవాళ్ల తప్పులు ఎంచడానికి రాయటం లేదు. మొదటి తప్పు నాదే. 1990ల చివర్లో నేను ఒక రొయ్యల ప్లాంటులో పని చేసేవాణ్ణి. చల్లదనం అంతా అమ్మోనియాతోనే. లిక్విడ్ లైను మీద ఒక వాల్వు మూత దగ్గర రింగు అరిగితే, ఈసారి మంచి సరుకు వేద్దామని యజమానిని ఒప్పించి విటాన్ తెప్పించాను. నైట్రైల్ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. ఖరీదైనది కదా, పదేళ్లు చూసుకోనక్కర్లేదు అనుకున్నాను. మూడు వారాలు తిరగలేదు. ఒక రాత్రి రొయ్యలు వలిచే షెడ్డులోంచి ఆడవాళ్లు పమిటలు ముఖానికి అడ్డం పెట్టుకుని, కళ్లు మంటలంటూ బయటికి పరుగెత్తారు. ఇద్దరిని ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. దేవుడి దయ వల్ల ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు. లైను మూసి మూత విప్పి చూస్తే, నేను వేసిన కొత్త రింగు వేలితో వంచగానే టప్పున విరిగింది.

అమ్మోనియాకు విటాన్ పనికిరాదని నాకు తెలిసింది ఆ తర్వాతే. గట్టిపడి పగిలిపోతుంది. ఆ పనికి నియోప్రీన్ కావాలి, లేదా ఈపీడీఎం. రెండూ విటాన్ కంటే చవక. పైగా మామూలు విటాన్ మైనస్ 20 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే బిగుసుకుపోతుంది, మా బ్లాస్ట్ ఫ్రీజర్ మైనస్ 40లో నడిచేది. 1986 జనవరి 28న ఛాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు చనిపోయినప్పుడు చలికి బిగుసుకుని పట్టు వదిలేసిన రింగు ఈ జాతి రబ్బరే. విచారణలో ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కను ఐసు నీళ్ల గ్లాసులో ముంచి అందరి ముందూ చూపించాడు. విశాఖలో అంత చలి లేదు గానీ, ఐసు ప్లాంట్ల లోపల ఉంది.

అలాగని విటాన్ చెడ్డది కాదు. పెట్రోలు, డీజిలు, 200 డిగ్రీల వేడి నూనె వెళ్లే చోట దానికి సాటి వచ్చేవి తక్కువ. మామూలు వేడిలో హైడ్రాలిక్ ఆయిలుకు, గ్రీజుకు నైట్రైల్ చాలు, నూరు డిగ్రీల దాకా లాగుతుంది. ఆవిరికి, వేడినీళ్లకు ఈపీడీఎం మేలు. అదే ఈపీడీఎం మీద ఇంజన్ ఆయిలు పడితే మాత్రం నానబెట్టిన శనగల్లా ఉబ్బుతుంది. మన మెకానిక్కులు బండి బ్రేకు విప్పి లోపలి రబ్బరు కప్పుల్ని పెట్రోలులో కడగటం రోజూ చూస్తూనే ఉంటాం. బ్రేక్ ఆయిల్ అని పిలుస్తాం గానీ అది అసలు పెట్రోలియం నూనె కాదు, గ్లైకాల్. అందుకే ఆ కప్పులు సాధారణంగా ఈపీడీఎంతో చేస్తారు. పెట్రోలులో కడిగితే వాటి పని అయిపోయినట్టే. ఈ ఒక్క పేరు మార్చినా కొన్ని బ్రేకులు బతుకుతాయి.

పరవాడ, అచ్యుతాపురం వైపు మందుల కంపెనీల్లో సంగతి ఇంకా చిక్కు. అసిటోన్ వెళ్లే లైనులో విటాన్ ఉబ్బి మెత్తబడుతుంది, ఈపీడీఎం నిలబడుతుంది. టోల్యూన్ వెళ్తే సరిగ్గా తలకిందులు. ఒకే రియాక్టరులో ఈ నెల ఒక మందు, వచ్చే నెల ఇంకో మందు తయారవుతాయి, అసిటోన్, టోల్యూన్ లాంటి ద్రావకాలు (సాల్వెంట్లు) మారుతుంటాయి. రింగు మాత్రం అదే ఉంటుంది! తెలిసిన కంపెనీలు ఇలాంటి చోట టెఫ్లాన్ తొడుగు ఉన్న గ్యాస్కెట్లు వాడతాయి. ఇబ్బందల్లా రాత్రి షిఫ్టులో లీకు కనబడి, స్టోరు తాళం వేసి ఉండి, టెన్షన్‌లో చేతికి దొరికిన నల్ల రింగు వేసేసినప్పుడే.

ఇక ఎండ. కొట్టు ముందు వేలాడే దండల మాట మొదట చెప్పాను. ఎండ, గాలిలో ఓజోన్ నైట్రైల్‌కు బద్ధశత్రువులు. మోటార్ల దగ్గర, వెల్డింగు దగ్గర ఓజోన్ ఇంకా ఎక్కువ. సరుకు ప్యాకెట్లో, చీకట్లో, 25 డిగ్రీల లోపు ఉంచాలని నియమం. మన కొట్లలో అంత చల్లదనం కుదరకపోయినా వెలుతురు తగలని డబ్బాలో పెట్టవచ్చు కదా. కొనేవారు రింగును వేళ్ల మధ్య సాగదీసి చూడాలి. సన్నటి పగుళ్లు కనబడితే ఎంత కొత్తదైనా తీసుకోకూడదు. వంటగ్యాసు గొట్టాన్ని ఐదేళ్లకు మార్చమని కంపెనీలు చెప్తాయి, దాని మీద తేదీ ఉంటుంది. ఫ్యాక్టరీలో వేసే రింగుకు ఆ పాటి పుట్టిన తేదీ ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

అందుకని ఫ్యాక్టరీల తనిఖీ శాఖను నేను కోరేది పెద్ద పనేమీ కాదు. అమ్మోనియా ప్లాంట్లలో, ద్రావకాలు వాడే చోట్ల ఒక చిన్న రిజిస్టరు పెట్టించాలి. ఏ లైనులో ఏ రబ్బరు, ఎప్పుడు వేశారు, ఎవరు వేశారు. తనిఖీకి వచ్చినప్పుడు ముందు అది అడగాలి. రబ్బరు పేరు, గట్టిదనం, తయారీ తేదీ ప్యాకెట్ మీద లేని సరుకును విడిగా అమ్మకుండా ఆటోనగర్ వర్తకులు తమలో తామే ఒక మాట అనుకోవచ్చు. కంచరపాలెం ఐటీఐలో ఫిట్టరు పిల్లలకు దీని మీద ఒక పూట క్లాసు పెడితే పాఠం చెప్పడానికి జీతం అడగకుండా వస్తాను. నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో చాలామందిమి ఖాళీగానే ఉన్నాం.

మీకు కూడా ఒక మాట. 1997 సెప్టెంబరులో రిఫైనరీ మంటలు, 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో గ్యాసు లీకు చూసిన ఊరు ఇది. వాటికి రబ్బరు రింగు కారణమని నేను అనటం లేదు. కానీ చిన్న ప్లాంటులో గ్యాసు లీకైన ప్రతిసారీ "వాల్వు లీకై" అని రాసి మన పత్రికలు అక్కడే ఆగిపోతున్నాయి. ఆ వాల్వులో ఏ రింగు ఉంది, ఎప్పుడు వేశారు అని మీ విలేకరులు ఒక్కసారి అడిగి రాస్తే, మర్నాడు పది ప్లాంట్లలో మేనేజర్లు స్టోరు తలుపు తీస్తారు.

ఈలోగా నా తోటి ఫిట్టర్లకు ఒక పద్ధతి చెప్తాను. రింగు మీద అనుమానం ఉంటే చిన్న ముక్క కోసి, మందం కొలిచి రాసుకోండి. మీ లైనులో వెళ్లే నూనెను మూత ఉన్న గాజు సీసాలో పోసి, ముక్క అందులో వేసి మూడు రోజులు వదిలేయండి. తీసి తుడిచి మళ్లీ కొలవండి. బాగా ఉబ్బినా, జిగటగా మారినా, గోరు దిగినా ఆ రబ్బరు ఆ లైనుకు వద్దు. అమ్మోనియాతో మాత్రం ఈ సీసా పరీక్ష చేయకండి. దానికి నియోప్రీన్ కావాలని కొట్లో గట్టిగా అడిగి, ప్యాకెట్ మీద పేరు చదివాకే డబ్బులివ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
గాజువాక, విశాఖపట్నం