సభ్యులకు వార్షిక నివేదిక: బర్జర్ వ్యాధి, తీగ చికిత్స

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గడిచిన ఏడాది మన సమావేశాల్లో పదే పదే వినిపించిన ప్రశ్న ఒక్కటే: కోత లేకుండా, తీగ పంపి కాలి ధమనిని తెరిచే చికిత్స బర్జర్ వ్యాధికి పనికివస్తుందా? అందువల్ల కార్యవర్గం అవగాహన కార్యక్రమాలను చాలావరకు ఈ అంశానికే కేటాయించింది. ఆదాయ వ్యయాల పట్టికను విడిగా పంపుతున్నాం.

1908లో వైద్యుడు లియో బర్జర్ వివరంగా వర్ణించిన ఈ అరుదైన వ్యాధి ప్రధానంగా 50 ఏళ్లలోపు, పొగాకు అలవాటున్న వారికి వస్తుంది. కొవ్వు పేరుకుని నాళాలు పూడుకుపోయే మామూలు జబ్బులా కాక, ఇందులో మోకాలి దిగువన ఉన్న సన్నని ధమనులు వాచి, లోపల రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. రక్తం అందక పాదంలో మానని పుండ్లు పడతాయి, కాలు తీసేయాల్సి రావచ్చు. బైపాస్ చేయాలంటే కొత్త నాళాన్ని కుట్టడానికి దిగువన ఆరోగ్యంగా ఉన్న ధమని కావాలి. ఈ రోగుల్లో చాలామందికి అదే దొరకదు కాబట్టి తీగ చికిత్స మీద ఆశ పెరిగింది.

తొడ మొదట్లో మత్తు ఇచ్చి, సూదితో ధమనిలోకి ప్రవేశించి, ఎక్స్‌రే తెరపై చూస్తూ, అర మిల్లీమీటరు మందం కూడా లేని తీగను మూసుకుపోయిన భాగం గుండా నడిపిస్తారు. పైనుంచి దారి దొరకకపోతే పాదం దగ్గరి ధమనిలోంచి ఎదురు తీగ పంపుతారు. ఆ తీగ మీదుగా బెలూన్‌ను చేర్చి, ఉబ్బించి దారిని వెడల్పు చేస్తారు. 1964లో అమెరికా వైద్యుడు చార్లెస్ డాటర్, కాలు తీయించుకోవడానికి ఒప్పుకోని 82 ఏళ్ల వృద్ధురాలికి ఈ తరహా చికిత్స తొలిసారి చేసినప్పుడు బెలూన్ కూడా లేదు. ఒకదానికన్నా ఒకటి లావైన గొట్టాలే వాడారు.

అయితే తెరిచిన ధమని మళ్లీ మూసుకుపోవడం ఈ వ్యాధిలో తరచుగా జరుగుతుంది. అయినా చికిత్స వృథా అయినట్టు కాదు, ఎందుకంటే పుండు మానడానికి కావలసిన రక్తం, మానిన చర్మాన్ని నిలుపుకోవడానికి కావలసిన దానికన్నా చాలా ఎక్కువ. ఆ కొన్ని నెలల ప్రవాహమే కాలిని కాపాడవచ్చు. ధమనికి చిల్లు పడటం, రక్తపు గడ్డ కిందికి జారడం, ఎక్స్‌రేలో ధమని కనిపించడానికి ఎక్కించే రంగు మందు వల్ల మూత్రపిండాలపై భారం పడటం వంటి ప్రమాదాలనూ సమావేశాల్లో దాచకుండా చెప్పాం.

మేము వెనకబడింది పొగాకు మాన్పించే పనిలో. బెలూన్ గురించి వినడానికి వచ్చినవారిలో చాలామంది పొగాకు మానడం గురించిన సమావేశాలకు రాలేదు. నొప్పి తగ్గగానే మళ్లీ మొదలుపెట్టినవారూ ఉన్నారు. రోజుకు ఒకటి రెండు సిగరెట్లు కాల్చినా, పొగాకు నమిలినా వ్యాధి చురుకుగానే ఉంటుంది. అందుకే వచ్చే ఏడాది ఈ రెండు అంశాలనూ ఒకే పూట, ఒకే గదిలో, కుటుంబ సభ్యుల సమక్షంలో చర్చించాలని కార్యవర్గం తీర్మానించింది.